నిండు అతుకు

గేజి మీద అంకె నిన్న సాయంత్రం ఎక్కడుందో ఈ పొద్దున కూడా అక్కడే కూర్చుని ఉంది. వెల్డరు హాల్లోకి వస్తూనే ముందు ఆ అంకెను చూశాడు, తర్వాత దాని ముందు నిలబడ్డ మనుషుల ముఖాలు చూశాడు. ఎవరూ అతనివైపు తిరగలేదు. అదే అతనికి నచ్చలేదు. ఏ గొడవా లేని రోజున మనుషులు పలకరిస్తారు. ఎవడి నెత్తిన రాయి పడబోతోందో వాడివైపు మాత్రం చూడరు.

హాలు మధ్యలో ఛాంబరు ఉంది. నిలువెత్తు లారీ టైరును పడుకోబెట్టినట్టు గుండ్రంగా, లోపల డొల్లగా, చుట్టూ అయస్కాంతాల చుట్టలు కట్టుకుని ఉంటుంది. దాని లోపల గాలి అన్నది లేకుండా లాగేసి, చిటికెడు హైడ్రోజన్ వదిలి, సూర్యుడి కడుపులో కంటే ఎక్కువ వేడి పుట్టిస్తే, పరమాణువులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కరెంటు ఇస్తాయట. ముందు గాలి పోవాలి. రవ్వంత మిగిలినా ఆ మంట పుట్టకముందే చల్లారుతుంది. గోడలకు పట్టిన తేమ వదలాలని పోయిన వారమంతా ఛాంబరుకు కరెంటుతో వేడెక్కే దుప్పట్లు కప్పి కాచారు. పంపులు ఆగకుండా లాగుతున్నాయి. లోపల ఎంత గాలి మిగిలిందో చెప్పే అంకె మాత్రం ఒకచోటిదాకా దిగి మొండికేసింది.

"ఏరా బామ్మర్దీ, నీకైనా నిద్రపట్టిందా? మన కోడలుపిల్ల ముక్కు చీదుతూనే ఉంది," అన్నాడు బావ పంపుల దగ్గర్నుంచి. ఛాంబరును అతను కోడలుపిల్ల అంటాడు, ఎంత పెట్టినా చాలదంటుంది కాబట్టి. అతను వెల్డరుకు అక్క మొగుడు. పంపులన్నీ అతని చేతికిందివే. వెల్డరును ఈ పనిలో పెట్టించింది కూడా అతనే.

"పెద్దోళ్ళేమంటున్నారు బావా?"

"ఏమంటారు. శుక్రవారం డబ్బు పెట్టినవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు, ఈలోపు మంట చూపించాలంటున్నారు. నేను చేరినప్పుడు ఇంకో పదేళ్ళలో దేశమంతా కరెంటు ఇస్తామన్నారు. ఇవాళ్టికీ పదేళ్ళే అంటున్నారు. మాట మీద నిలబడే మనుషులు, ఆ మాట ఒప్పుకోవాలి."

పక్కనున్న కరెంటు పనివాడు నవ్వాడు. వెల్డరు నవ్వలేదు. ఆ నవ్వినవాడు తనవైపు చూసి ఎందుకు నవ్వాడా అని ఆలోచించాడు.

లీకులు వెతికే ఇంజినీరును అందరూ హీలియం మేడమ్ అంటారు. ఆమె ఆ పూట తన పెట్టెను తెచ్చి పంపుల గొట్టానికి తగిలించింది. ఆ పెట్టె హీలియం వాసన పసిగట్టే కుక్కలాంటిది. ఛాంబరు బయట ఎక్కడైనా సూదిబెజ్జం ఉండి, అక్కడ హీలియం చల్లితే, అది లోపలికి దూరి, గొట్టం వెంట పెట్టెదాకా వచ్చి, పెట్టె కీచుమంటుంది. మేడమ్ నిచ్చెనెక్కి పైనుంచి మొదలుపెట్టింది. హీలియం పైకి పోయే గ్యాసు. కిందినుంచి మొదలుపెడితే పైనున్న బెజ్జంలోకి అదే ఎగబాకి, ఏ పాపం ఎరగని కింది అతుకు మీదికి నేరం వస్తుంది.

వెల్డరు నిచ్చెన పట్టుకున్నాడు. ఆమె సన్నటి ముక్కున్న గన్నుతో ఒకచోట చల్లుతుంది, చెయ్యి తీసేస్తుంది, తల పక్కకు వాల్చి వింటుంది, ఏమీ వినబడకపోతే జానెడు జరుగుతుంది. ఛాంబరు నుంచి బయటికి మెడల్లా పొడుచుకొచ్చిన గొట్టాలు చాలా ఉన్నాయి, చూడ్డానికి కిటికీలు బిగించేవి కొన్ని, కొలతల పరికరాలు దూర్చేవి కొన్ని. ఆ మెడలన్నీ ఛాంబరుకు అతికింది అతనే. వాటిమీద ఇంకా వేడి దుప్పట్లున్నాయి. మేడమ్ దుప్పటి అంచు ఎత్తి కిందికి గన్ను దూర్చి చల్లుతోంది. బోల్టుల దగ్గర అడుగు జరిగినంత సేపట్లో అతని అతుకుల దగ్గర జానెడు కూడా జరగడం లేదు.

"నా అతుకుల దగ్గరే ఎక్కువసేపు ఆగుతున్నారేం మేడమ్?"

"అతుకు పొడుగు కదండీ. బోల్టు అంతసేపు పట్టదు."

"ఓహో."

"మీరు నిచ్చెన ఊపుతున్నారు."

అతను గట్టిగా పట్టుకున్నాడు. చదువుకున్నవాళ్ళ మర్యాద చూస్తే అతనికి ఒళ్ళు జలదరిస్తుంది. తిట్టేవాడి మనసు వాడి నోట్లోనే ఉంటుంది. అండీ అనేవాళ్ళ మనసు ఏ కాగితం మీద ఉంటుందో తెలియదు.

సాయంత్రానికి ఛాంబరు చుట్టూ తిరగడం అయిపోయింది. పెట్టె ఒక్కసారి కూడా కీచుమనలేదు. మేడమ్ నిచ్చెన దిగి గన్ను ముక్కును గుడ్డతో తుడుచుకుంటూ నిలబడింది.

"లీకు లేదు. అంకె దిగదు. ఇదేం చోద్యమో," అంది తనలో తను.

వెల్డరు గుండె తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది. తప్పు చేసిన వస్తువు దొరికితే గొడవ దాంతో పోయేది. వస్తువు దొరకనప్పుడు మనిషిని వెతుకుతారు.

మర్నాడు గడువు సారు పిలిపించాడు. పనులన్నీ చూసే మేనేజరుకు ఆ పేరు ఎవరు పెట్టారో గాని, ఆయన నోట గడువు అన్న మాట లేకుండా వాక్యం పూర్తికాదు. ఆయన గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. వెల్డరును కూర్చోమన్నాడు. కూర్చోమనడంతో అతనికి మరీ అనుమానమేసింది. అంచుమీద కూర్చున్నాడు.

"నీకు అర్థమయ్యేట్టు చెప్తా," అన్నాడు గడువు సారు. "వచ్చేవాళ్ళు ఇప్పటికే గోరంత వెలుగుకి కొండంత చమురు పోస్తున్నామంటున్నారు. ఆ అయస్కాంతాలు ఒక్కసారి మొదలెడితే ఈ ఊరు మొత్తం వాడేంత కరెంటు లాగుతాయి, మనం తిరిగి ఇచ్చింది ఇప్పటిదాకా సున్నా. ఇప్పుడు పోయి యంత్రంలోనే ఏదో లోపముందంటే, డిజైనే తప్పంటారు. మళ్ళీ మొదట్నుంచి. ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళు ఎవడు పోషిస్తాడు? మూసేస్తారు. నువ్వూ నేనూ అందరం రోడ్డు మీద."

"అవున్సార్."

"అదే ఒక మనిషి పొరపాటు అనుకో. సరిదిద్దాం, వారం గడువివ్వండి అంటే సరిపోతుంది."

"అంటే నేనా సార్?"

"నీ పేరు నేనన్నానా?" గడువు సారు కళ్ళజోడు తీసి తుడిచాడు. "గుమ్మడికాయల దొంగంటే నువ్వెందుకు భుజాలు తడుముకుంటావు? నీ అతుకుల్లో లీకు లేదని మేడమే చెప్పింది. నేనడిగేది వేరు. బయటి గాలి లోపలికి రావాలంటే వాల్వు తెరిచినా చాలు. సాయంత్రాలు పంపుల దగ్గర చివరిదాకా ఎవరుంటారు?"

వెల్డరు నేలవైపు చూశాడు. ఆ ప్రశ్నకు జవాబు గదిలో ఇద్దరికీ తెలుసు. అడిగేవాడికి కావలసింది జవాబు కాదు, అది ఎవరి నోటినుంచి వచ్చిందన్నది. చెప్పనంటే ఈ కళ్ళజోడు మళ్ళీ తనవైపే తిరుగుతుంది.

"మొన్న నేను వెళ్ళేటప్పుడు మా బావ గాలి వాల్వు పిడి మీద చెయ్యేసి ఉన్నాడు సార్," అన్నాడు.

"తిప్పాడా?"

"చెయ్యేసి ఉండగా చూశాను. అంతే."

చూసిందే చెప్పాడు, ఒక్క ముక్క కల్పించలేదు. పొద్దుపోయేవేళ ఇల్లు తాళం వేసి మళ్ళీ లాగి చూసుకున్నట్టు, బావ రోజూ వెళ్ళబోయేముందు ఆ పిడి పట్టి మూసుందో లేదో చూసుకుంటాడని అతనికి తెలుసు. ఆ ముక్క ఎవరూ అడగలేదు. అడగనిది చెప్పే అలవాటు అతనికి లేదు.

గది బయటికొచ్చాక, బావకేం కాదులే అనుకున్నాడు. పాతకాపు, పెద్దోళ్ళందరితో నవ్వుతూ మాట్లాడే మనిషి, మహా అయితే మందలిస్తారు. ఆ నవ్వుతూ మాట్లాడ్డమే అసలు అనుమానించదగ్గ సంగతి కాదా అని కూడా అనుకున్నాడు. తనను ఇక్కడ పెట్టించి, ఏదైనా వస్తే ముందు నిలబెట్టడానికే పెట్టించాడేమో, ఎవడికి తెలుసు?

మధ్యాహ్నానికల్లా బావను ఇంటికి పొమ్మన్నారు. విచారణ అయ్యేదాకా రావద్దన్నారు.

కంపెనీ క్వార్టర్సులో బావావాళ్ళది పై అంతస్తు. ఆ సాయంత్రం వెల్డరు వెళ్ళేసరికి బావ వంటింటి కుళాయి విప్పి వాషరు మారుస్తున్నాడు. ఆ కుళాయి కారడం వెల్డరు ఎన్నడూ చూడలేదు. అక్క ఆరిన బట్టలు మంచం మీద పోసుకుని మడతపెడుతోంది. మడతపెట్టిందే మళ్ళీ విప్పి మడతపెడుతోంది.

"వచ్చావా. చూడరా మీ బావ వాలకం," అంది. "మధ్యాహ్నం వస్తూనే బీరువా తలుపు ఊడదీశాడు. ఇప్పుడు ఇది. ఇంకో రెండు రోజులు ఇంట్లో ఉంటే నన్ను కూడా విప్పి చూస్తాడు."

"నిన్ను విప్పితే మళ్ళీ బిగించడం నావల్ల కాదులే," అన్నాడు బావ.

"పని పోతే ఇల్లు కూడా ఖాళీ చెయ్యమంటారుగా. ఈ సామానేసుకుని ఎక్కడికి పోతాం? ఏమన్నా చెప్పారట్రా అక్కడ?"

"ఇంకా ఏమీ అనుకోలేదక్కా."

బావ స్పానరు పక్కన పెట్టి చేతులు తుడుచుకుని వచ్చి అతని ఎదుట కూర్చున్నాడు. "వాల్వు మీద చెయ్యేశానని ఎవరో చెప్పార్రా. చూసినవాడే చెప్పి ఉండాలి. ఎవడై ఉంటాడంటావు? కరెంటువాడా? వాడికి నేనంటే పడదు, నిజమే. కానీ వాడు పెందలాడే పోతాడు. మేడమ్మా? ఆవిడ అలాంటి మనిషి కాదు." ఒక్కొక్కరినీ తీసుకుని, పంపు భాగాల్ని గుడ్డమీద పరిచినట్టు పరిచి, తుడిచి, ఇది కాదని పక్కన పెడుతున్నాడు. వెల్డరు తన వంతు వస్తుందని కాచుకుని కూర్చున్నాడు. ఎంతకీ రాలేదు.

"నువ్వు అక్కడే ఉంటావు కదరా," అన్నాడు బావ చివరికి. "కాస్త చెవి వేసి ఉంచు. నాకు ఇప్పుడు అక్కడ నువ్వు తప్ప ఎవరున్నారు?"

అక్క టీ తెచ్చి పెట్టింది. నాలుక కాలేంత వేడిగా ఉన్నా అతను ఒక్క గుక్కలో తాగేసి లేచాడు.

బుధవారం మేడమ్ పద్ధతి మార్చింది. పంపులకూ ఛాంబరుకూ మధ్య తలుపు మూసేసి, లోపల గాలి తనంతట తాను ఎలా పెరుగుతోందో తెర మీద గీతగా గీయించింది. వెల్డరు ఏదో పనున్నట్టు గ్రైండరు రాయి మారుస్తూ ఆమె వెనకే తచ్చాడాడు. ఆమె తెరమీద వేలు పెట్టింది.

"ఇలా రండి. మీకు చూపిస్తా. బయటినుంచి లీకయితే ఈ గీత వంగకుండా తిన్నగా ఎక్కుతూనే ఉండాలి. బయటి గాలికి కొదవేముంది, ఎంత పోయినా తరగదు. ఇది చూశారా, ఎక్కుతూ ఎక్కుతూ వంగిపోతోంది. అలిసిపోతోంది."

"అంటే?"

"అంటే ఆ గాలి బయటిది కాదు. కాస్త గాలి ఎక్కడో గోడలోనే చిక్కుకుపోయి, సన్నటి బెజ్జంలోంచి కొద్దికొద్దిగా ఛాంబరులోకి వదులుతోంది. అందుకే బయట ఎంత హీలియం చల్లినా దొరకలేదు. వాల్వు సంగతి కాదు ఇది. గడువు సారుకి చెప్పాను. ఎక్కడుందో చూపించమన్నారు. చూపించలేను. చూపించనంతకాలం ఆయనకి వాల్వే కావాలి."

"గోడలో ఎలా చిక్కుతుంది మేడమ్?"

"లోపలివైపూ బయటివైపూ రెండు అతుకులూ నిండుగా వేస్తే మధ్యలో సందు మూసుకుపోతుంది కదా, అందులో. అందుకే డ్రాయింగులో లోపల నిండుగా, బయట తునకలు తునకలుగా ఖాళీలొదిలి వెయ్యమని ఉంటుంది." ఆమె అతనివైపు తిరిగింది. "మీరెక్కడా నింపలేదు కదండీ?"

"లేదు," అన్నాడు వెల్డరు.

గ్రైండరు రాయి బిగించాడు. బిగిసిపోయాక కూడా ఇంకో చుట్టు తిప్పాడు.

అడుగున, గోడవైపు ఉన్న మెడ. దాన్ని వేసిన పూట అతనికి బాగా గుర్తుంది. లోపలి అతుకు వేసి, బయటికొచ్చి, డ్రాయింగు చూశాడు. తునకకూ తునకకూ మధ్య ఖాళీలు. అంతకుముందు బాయిలర్ల పనిలో అలా వదిలేస్తే ఫోర్‌మను చెంప పగలగొట్టేవాడు. ఏ బుద్ధున్న మనిషైనా సగం కుట్టి వదిలెయ్యమంటాడా అనుకున్నాడు. రేపు ఎక్కడైనా పగిలితే, వెల్డరు సరిగా వెయ్యలేదని తోసెయ్యడానికే ఈ ఖాళీలని అతనికి తోచింది. మిగతా మెడలు వేసేటప్పుడు పక్కన ఎవరో ఒకరు నిలబడి ఉన్నారు. దీని దగ్గర ఎవరూ లేరు. వెల్డింగు టార్చి వెలిగించి ఖాళీలన్నీ నింపేశాడు. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి వాలి, వెండిలా మెరుస్తూ వచ్చింది. ఆ హాల్లో అంత అందమైన అతుకు ఇంకోటి లేదు. తనిఖీకి వచ్చినవాళ్ళు లోపలి అతుకు చూసి పోయారు. బయట నిండుగా ఉంటే తప్పని ఎవడికి తడుతుంది? తర్వాత దుప్పటి కప్పారు.

ఒకరి మీదికి తప్పు పోకూడదని వేసిన అతుకది. ఆ ఒకరు తనే.

మధ్యాహ్నమంతా అతను లెక్కలు వేసుకున్నాడు. ఆ సందులో ఉన్నది ఎంతో గాలి కాదు. కారి కారి ఏదో ఒక నెలకు తనంతట అదే అయిపోతుంది. అంకె దిగుతుంది. ఎలా దిగిందో దేవుడికి కూడా తెలియదు. బావను తీసేశాక దిగింది కాబట్టి, బావే కారణమంటారు. తనవైపు వేలు చూపించే మనిషి ఈ భూమ్మీద ఉండడు. ఇన్నేళ్ళుగా అతను కోరుకున్నది సరిగ్గా అదే. కోరుకున్నది చేతికొచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గురువారం పొద్దున బావ హాలుకు వచ్చాడు. మళ్ళీ పనిలోకి రమ్మన్నారేమోనని వెల్డరు ప్రాణం లేచొచ్చింది. కాదు. పంపులు కొత్తవాడికి అప్పజెప్పి పొమ్మన్నారు. ఆ కొత్తవాడు కంప్రెసర్ల షెడ్డునుంచి వచ్చిన నడివయసు మనిషి, ఇంకొకడి కుర్చీలో కూర్చోబోతున్నందుకు సిగ్గుపడుతూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. బావ ఒక్కో పంపు దగ్గరా ఆగి చెబుతున్నాడు. ఇది వేడెక్కితే ముందు మోగుతుంది, కంగారుపడకు. దీని నూనె రంగు మారితే కంటితో చూస్తే చాలదు, వేళ్ళమధ్య రాసి చూడు. మాటలో ఎక్కడా కష్టం లేదు, తన ఇల్లు అద్దెకిచ్చేవాడు కిటికీలు తలుపులు చూపించినట్టుంది.

గాలి వాల్వు దగ్గరికొచ్చారు.

"సాయంత్రం వెళ్ళేముందు దీని పిడి ఒకసారి పట్టి చూసుకో," అన్నాడు బావ. "మూసినట్టు కంటికి కనిపిస్తుంది. కన్నును నమ్మకు. చెయ్యి చెప్పాలి."

"అలాగేనన్నా. కానీ, మిమ్మల్ని దీనికే కదా..." కొత్తవాడు ఆగిపోయాడు.

"దీనికే. అయినా పట్టుకో. పట్టుకోకపోతే పని కాదు."

వెల్డరు టూల్సు పెట్టె మూత తెరిచాడు. చేతి డ్రిల్లు తీసి, సన్నటి బిట్టు ఏరి బిగించి, మేడమ్ దగ్గరికి వెళ్ళాడు.

"మీ పెట్టె పనిచేస్తూనే ఉందా మేడమ్?"

"ఉంది. ఏం?"

"గన్ను తీసుకుని రండి."

ఆమె డ్రిల్లు వైపు చూసింది, అతని ముఖం వైపు చూసింది. "పైనుంచి మొదలుపెట్టనా?"

"అక్కర్లేదు. అడుగునే."

గోడవైపు మెడ దగ్గర అతను వెల్లకిలా పడుకుని దుప్పటి కొక్కేలు విప్పాడు. నిండు అతుకు బయటపడింది. మేడమ్ వంగి దాని మీద వేలు జరిపి చూసింది. అతుకు మందం అతనికి తెలుసు, తను పోసిన లోహమే. బిట్టును నిలువుగా ఆనించి, అదుముతూ, మెల్లగా తిప్పాడు. మెరిసే తురుము అతని గడ్డం మీద రాలింది. బిట్టు కింద గట్టిదనం ఒక్కసారిగా పోయింది. వెంటనే లాగేశాడు.

అవతల గేజి దగ్గర ఎవరో కేకేశారు. అంకె ఎక్కుతోంది. బయటి గాలి ఇప్పుడు ఆ సందులోకి దూరి, అక్కణ్ణుంచి లోపలికి పోతోంది. మేడమ్ మోకాళ్ళ మీద కూర్చుని ఆ బెజ్జం దగ్గర కొంచెం హీలియం చల్లింది. పెట్టె కీచుమంది. ఆమె గన్ను తీసేసినా చాలాసేపటిదాకా ఆ కూత ఆగలేదు. బయటి అతుకు నిండుగా ఉండడం ఒక తప్పు. లోపలి అతుకులో బెజ్జం ఉండడం ఇంకొకటి. రెండూ అతనివే.

గడువు సారు పరుగెత్తుకొచ్చాడు. "ఎవడు పెట్టమన్నాడు దానికి చిల్లు?"

"ఎవరూ పెట్టమన్లేదు సార్. నింపమని కూడా ఎవరూ అన్లేదు," అన్నాడు వెల్డరు నేలమీద నుంచే. "రెండూ నేనే చేశాను."

గడువు సారు కోపంతో ఊగిపోతాడనుకున్నాడు. ఆయన మేడమ్‌ను రెండు మూడు ప్రశ్నలడిగి, ఫోను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "డిజైన్లో ఏం లేదు సార్. పనివాడి పొరపాటు. చోటుతో సహా కనిపెట్టాం. వారం గడువిస్తే చాలు," అంటున్నాడు. తిరిగొచ్చేటప్పటికి ఆయన ముఖంలో నాలుగు రోజులుగా లేని నెత్తురు కనబడింది. వెల్డరుకు అప్పుడర్థమైంది, ఈయనకు ఏ పేరైనా ఒకటే, నిలబడే పేరు కావాలి అంతే.

"దీన్ని కోసి, లోపలిది మళ్ళీ వేసి, ఆ తర్వాత పాసు గేట్లో ఇచ్చి వెళ్ళు," అన్నాడు అతనితో. కొత్తవాడి పక్కన నిలబడ్డ బావను చూసి చెయ్యి ఊపాడు. "నువ్వు ఉండవయ్యా, నీ పంపులు నువ్వు చూసుకో. మీ బావమరిది చెప్పిన వాల్వు సంగతి కూడా ఇంక అక్కర్లేదులే."

అని ఆయన వెళ్ళిపోయాడు.

కొత్తవాడు కంప్రెసర్ల షెడ్డువైపు చకచకా నడిచాడు. మేడమ్ గన్ను గొట్టాన్ని చుట్టడం మొదలుపెట్టింది, అవసరమైనదానికంటే నెమ్మదిగా. బావ వెల్డరువైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే వెల్డరుకు బాగుండేది. పంపు భాగాలన్నీ తుడిచి పక్కన పెట్టాక, గుడ్డ కింద ఇంకొకటి మిగిలిపోయిందని తెలిసినవాడిలా చూశాడు. తర్వాత వెళ్ళి పంపులు ఒక్కొక్కటీ ఆపి, ఛాంబరులోకి గాలి వదిలాడు.

సాయంత్రానికి బయటి అతుకు కోయడం అయింది. వెల్డరు తెల్లటి దుస్తులు తొడుక్కుని, పక్క తలుపులోంచి పాకుతూ ఛాంబరు లోపలికి దిగాడు. లోపల తన ఊపిరి తనకే పెద్దగా వినబడుతోంది. లోపలి అతుకు మీద వేలితో తడిమాడు. బెజ్జం కంటికి ఆనలేదు. మేడమ్ అంతకుముందే లోపలికి దిగి వెతికి గీసిన గుర్తు మాత్రం ఉంది. అక్కడిదాకా అరగదీసి, రాడ్డు పట్టుకుని, టార్చి సరిచూసుకున్నాడు. మళ్ళీ వేసేముందు బయటినుంచి ఆర్గాన్ గ్యాసు వదలాలి, లేకపోతే అతుకు నల్లబడుతుంది. ఆ గొట్టం బావ చేతిలో ఉంది.

మూత విప్పిన మెడలోంచి వెలుతురు వచ్చింది. ఆ వెలుతురుకు అడ్డంగా బావ ముఖం కనిపించింది.

"వెల్డరుగారూ," అన్నాడు బావ. "గ్యాసు వదలమంటారా?"

అతను ముఖానికి ముసుగు దించుకుని తలూపాడు.